పింజ కవులకు, పింజారి తిట్టుకు

బి.ఎ. చదివే రోజుల్లో హాస్టల్లో ఒక పుస్తకం చేతులు మారుతూ నా దాకా వచ్చింది. అట్ట ఊడిపోయి, మొదటి పేజీలు నలిగిపోయి ఉంది. అలెక్స్ హేలీ 1976లో రాసిన 'రూట్స్'కు సహవాసి చేసిన సంక్షిప్త అనువాదం 'ఏడు తరాలు'. తెలుగులో అభ్యుదయ సాహిత్యం చదివేవాళ్లలో ఆ పుస్తకం తెలియనివాళ్లు తక్కువ. ఒక్క రాత్రిలో చదివేశాను. తెల్లారి మిత్రులతో గంటలకొద్దీ మాట్లాడుకున్నాం. బానిసత్వం గురించి, కొరడా దెబ్బల గురించి, తెగిన పాదం గురించి మాట్లాడుకున్నాం. కుంటా కింటే ముస్లిం అన్న సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. అతను చిన్నప్పుడు ఖురాన్ చదువుకున్నాడు. ఓడ అడుగున గొలుసులతో పడి ఉన్నప్పుడు అల్లాను తలుచుకున్నాడు. ఆ పేజీలు నా మిత్రులు కూడా చదివారు. వాళ్ల కళ్లకు ఆనలేదు. ఎందుకంటే వాళ్లకు తెలిసిన ముస్లిం నవాబు. కొరడా ముస్లిం చేతిలో ఉండాలి గాని వీపు మీద ఎట్లా ఉంటుంది?

సెలవులకు ఇంటికి పోయి అవ్వను అడిగాను.

"అవ్వా, మనకు ఏడు తరాల కింద ఎవరుండె?"

"ఏడు తరాలు నాకేం ఎరుక బిడ్డా. మా మామ దూది ఏకుతుండె. ఆయన నాయన గూడ ఏకుతుండెనట. మీ తాత ఏకీ ఏకీ దగ్గుకుంట పోయిండు."

కుట్టు మిషను మీద నుంచి మా అబ్బా గట్టిగా అన్నాడు: "చుప్ బైఠో అమ్మా! బచ్చోంకు క్యా క్యా బోల్తే!" తర్వాత నా వైపు తిరిగి, "హమే పఠానాఁ హై బేటా. ఫౌజ్ మే ఆయే సో లోగాఁ" అన్నాడు.

అవ్వ ఇంకేం మాట్లాడలేదు. నా పేరు చివర 'ఖాన్' ఉంది. అది ఎక్కడి నుంచి వచ్చిందో నాకు ఆ రోజు అర్థమైంది.

మనకు మూడు వంశవృక్షాలు తయారుగా ఉన్నాయి. మొదటిది బయటివాళ్లు ఇచ్చింది: మీరు నవాబుల వారసులు, ఈ నేలను ఏలినవాళ్లు. రెండోది మనం రాసుకున్నది: మేం అరబ్బు నుంచి వచ్చాం, ఢిల్లీ ఫౌజులో వచ్చాం, ఫలానా పీర్ సాహెబ్ సంతానం. పాత ఖాన్‌దాన్ల ఇళ్లలో బీరువాల్లో భద్రంగా ఉండే షజ్రాలు ఇవి. 'పిదరం సుల్తాన్ బూద్' అని ఫార్సీలో సామెత ఉంది. మా నాయన సుల్తానుగా ఉండె అని గొప్పలు పోయేవాళ్ల మీద వేళాకోళం అది. మూడోది ఈమధ్య ఎక్కువగా వినబడుతోంది: మీరూ ఒకప్పుడు హిందువులే, మతం మారారు, తిరిగి రండి.

ఈ మూడూ ఒకదానికొకటి పడవు. కాని మూడూ అడిగేది ఒకటే ప్రశ్న. మీ నెత్తురు ఎక్కడిది? మీ చేతులు ఏం చేశాయని ఏ ఒక్కటీ అడగదు. అందుకే ఈ మూడింట్లోనూ మా అవ్వ మామకు చోటు లేదు.

ఆయనకు తెలుగు భాష ఇచ్చిన చోటు ఏమిటో చూడండి. తెలుగు కవికి దూదిపింజ అంటే ఎంత ఇష్టమో చెప్పక్కర్లేదు. మబ్బు దూదిపింజ, పసిపాప బుగ్గ దూదిపింజ, కుందేలు పిల్ల దూదిపింజ. మరి ఆ పింజను పింజగా చేసినవాడో? 'పింజారీ వెధవ'. సినిమాల్లో, నాటకాల్లో, బస్టాండులో, బడిలో ఎక్కడైనా ఎవరైనా వాడగల తిట్టు. ఏకు కావాలి. 'ఏకై వచ్చి మేకయ్యాడు' అనే సామెతలో కూడా ఏకు ఉంది. ఏకినవాడు లేడు. ఖద్దరుకు నూలు కావాలి, నూలుకు రాట్నం కావాలి, రాట్నానికి ఏకు కావాలి. రాట్నం జెండా ఎక్కింది. విల్లు ఎక్కడా ఎక్కలేదు. దూదేకుల సిద్దయ్య ఒక్కడు పేరులోనే పనిని మోస్తూ తెలుగువాళ్ల తత్వాల్లో నిలబడ్డాడు. ఆయన్ని కూడా వీరబ్రహ్మం శిష్యుడిగా తలుచుకుంటారే గాని ఏ పని చేసే ఇంటి నుంచి వచ్చాడో ఎవరు పట్టించుకున్నారు?

తిట్టుగా మారిన పేరును పారేసి మా అబ్బా ఖాన్ అయ్యాడు. ఆయన్ని నేను తప్పుపట్టలేను. ఇరవయ్యేళ్ల వయసులో పల్లె విడిచి నల్లగొండకు వచ్చి దర్జీ పని నేర్చుకున్నాడు. అక్కడి ఉర్దూ మాట్లాడే ముస్లింలు ఆయన్ని 'తెలుగు తురక' అని నవ్వేవాళ్లు. మసీదులో వెనక వరసలో నిలబడ్డ మనిషి. అందుకే ఇంట్లో తెలుగు బంద్ చేశాడు. 'అవ్వ' అనొద్దు, 'దాదీ' అనండి అన్నాడు. నా ఉర్దూ ఆ అవమానం నుంచి వచ్చిన ఉర్దూ. ఈ రోజు రెండు భాషల్లో రాసి బతుకుతున్నానంటే దాని మూలం అక్కడుంది.

మళ్లీ 'ఏడు తరాలు' దగ్గరికి వద్దాం. నలభైల్లో ఆ పుస్తకాన్ని ఇంకోసారి చదివాను, ఈసారి ఇంగ్లీషులో, పూర్తిగా. ఇరవైల్లో కనబడని సంగతులు కొన్ని కనబడ్డాయి. హేలీ గాంబియాలోని జుఫూరే గ్రామానికి వెళ్లి, అక్కడి వంశకథకుడి నోట తన పూర్వీకుడి పేరు విన్నానని రాశాడు. 1977లోనే ఒక బ్రిటిష్ విలేకరి అక్కడికి వెళ్లి ఆ సాక్ష్యాన్ని ప్రశ్నించాడు. అడిగేవాడు ఏం వినాలనుకుంటున్నాడో ఊరివాళ్లకు ముందే తెలిసిపోయిందన్నది విమర్శ. 1981లో వంశచరిత్ర పరిశోధకులు అమెరికా రికార్డులు తిరగేసి, పుస్తకంలోని తొలి తరాలకు, కాగితాలకు పొత్తు కుదరడం లేదని తేల్చారు. వేరే రచయిత నవల నుంచి కొన్ని భాగాలు తీసుకున్నాడన్న కేసులో హేలీ 1978లో రాజీపడ్డాడు కూడా.

అయితే పుస్తకం అబద్ధమా? నేను అట్లా అనుకోను. కింటే వంశపు ఘనత, మౌరిటేనియా నుంచి వచ్చిన పుణ్యపురుషుడు తాత, ఇదంతా హేలీ మార్కు 'పిదరం సుల్తాన్ బూద్'. బలహీనత అక్కడ ఉంది. బలం ఎక్కడుందో చూడండి. కుంటా కింటే తోటపని చేశాడు, తర్వాత గుర్రపు బగ్గీ తోలాడు. బెల్ వంటచేసింది. కిజ్జీ పొలంలో పనిచేసింది. ఆమె కొడుకు జార్జి పందెం కోళ్లను సాకాడు. అతని కొడుకు టామ్ కమ్మరి. టామ్ అల్లుడు కలప మిల్లు నడిపాడు. ఆ కొలిమి, ఆ కోళ్ల గంపలు, ఆ పొలాలు మనం నమ్ముతాం. వీటిని హేలీకి అప్పగించింది ఎవరు? హెన్నింగ్ ఊళ్లో ఇంటి అరుగు మీద కూర్చుని ముచ్చట్లు చెప్పుకున్న ముసలి ఆడవాళ్లు. అమ్మమ్మ, ఆమె అక్కచెల్లెళ్లు. వాళ్ల నోట్లో వంశమంటే చేసిన పని, అమ్ముడుపోయిన ఊరు, పుట్టిన పిల్ల. నెత్తురు కోసం వెతికిన చోట హేలీ దారి తప్పాడు. పని వెంట నడిచిన చోట నిలబడ్డాడు.

మా ఇంట్లో ఆ అరుగు ఉండె. నేనే దాని మీద కూర్చోలేదు. అవ్వ బతికున్న ఆఖరు రెండేళ్లు మాత్రం అబ్బా దుకాణానికి పోయినప్పుడు అడిగి రాసుకున్నాను. ఆమెకు తాతల పేర్లు మూడు తరాలు దాటి తెలియవు. కాని ఊర్ల పేర్లు వరసగా చెప్పేది: మునుగోడు, చండూరు, మర్రిగూడ, దేవరకొండ. పత్తి ఏరిన తర్వాత చలికాలంలో విల్లు భుజాన వేసుకుని మగవాళ్లు పోయిన దారి అది. మా షజ్రా అంటే అదే.

పని ఎట్లా సాగేదో చెప్పింది. గింజ తీసిన పత్తిని నేల మీద పోసి, విల్లుకు కట్టిన నరం తంతిని దాన్లో పెట్టి చెక్క గూటంతో కొడుతుంటే, ఆ వణుకుకు పోగు పోగు విడిపోయి దుమ్ము రాలుతుంది, పింజ లేస్తుంది. వానాకాలం పని లేదు. చెమ్మ తగిలిన దూది లేవదు. అప్పుడు కలుపు తీయడానికి, నాట్లకు కూలికి పోవడమే. ఊర్లో పెళ్లి కుదిరితే పరుపు, మెత్తలు నింపాలి. కూలి జొన్నల్లో, పాత బట్టల్లో ఇచ్చేవాళ్లు. 'దూదేకుల సాయిబు విల్లు కొట్టిండు' అనేది లోకం. గింజ తీసింది ఎవరు? నింపింది, కుట్టింది, మూట కట్టింది ఎవరు? అవ్వ, ఆమె తోటికోడళ్లు. సూది పొడిచి పొడిచి గట్టిపడ్డ ఆమె వేలు నేను చూశాను. వంశవృక్షంలో ఆడవాళ్లకు కొమ్మ ఉండదు. పని వెంట పోతే వాళ్లు లేకుండా ఒక్క అడుగు పడదు.

1948 గురించి కూడా చెప్పింది. పోలీసు చర్య నాటికి మా అబ్బా చంకలో పిల్లోడు. విల్లును అటక మీద దాచిపెట్టి రెండు నెలలు ఊరు విడిచారు. "మేమేం నవాబులమా బిడ్డా? నవాబు గూడ మా పరుపు మీదనే పండిండు గాని మమ్ముల ఎరుగడు" అంది. అదే నల్లగొండ జిల్లాలో అంతకు కొన్నేళ్ల ముందు షేక్ బందగీ అనే పేదరైతు భూమి కోసం విసునూరు దేశ్‌ముఖ్‌ను కోర్టుకు ఈడ్చి హత్యకు గురయ్యాడు. ఆయన కథ మీదే 1947లో 'మా భూమి' నాటకం వచ్చింది. నాగలి పట్టిన ముస్లిం తెలుగు రంగస్థలం మీద నాయకుడిగా నిలబడ్డాడు. తర్వాత అతన్ని మరిచిపోయి మళ్లీ నవాబును తెచ్చుకున్నది ఎవరు?

ఇక మన ఇంటి విమర్శ. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' మన మీది నిందను నిలదీసింది. 1998లో 'జల్‌జలా' ఒక గొంతును పది గొంతులు చేసింది. 1999లో ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు' నెల్లూరు జిల్లాలో ఒక మామూలు ఇంటి చప్పుళ్లు వినిపించింది. 2004లో 'వతన్' కథలు వచ్చాయి. ఇవి లేకపోతే నేను ఈ వ్యాసం రాయగలిగేవాణ్ణి కాదు. అయినా ఒక వెలితి ఉంది. మన రాతల్లో గాయం ఉంది, పండుగ ఉంది, వంట ఉంది, బుర్ఖా ఉంది. తరాల వెంట సాగిన పని తక్కువ. కళ్యాణరావు 'అంటరాని వసంతం' 2000లో ఒక దళిత కుటుంబాన్ని తరం తర్వాత తరం నడిపించింది. వాళ్ల ఆట, పాట, చాకిరీ, వలస చూపించింది. పింజారి, లద్దాఫ్, కసబ్, ఫకీర్, అత్తరు సాయిబు, మెహతర్ ఇళ్ల నుంచి అట్లాంటి పుస్తకం ఏది? 'ముస్లిం' అనే ఒక్క మాట కింద మనలో మనం ఎవరెవరిని దాచిపెట్టాం? బయటివాళ్లను నిలదీసే నోరు ఇంట్లోకి తిరగదా?

ఇది సాహిత్యం గొడవ మాత్రమే అనుకోకండి. మా అన్న కూతురు నర్సింగు సీటుకు దరఖాస్తు పెట్టుకుంది. బి.సి. 'బి' గ్రూపులో దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాష్ 1970 నుంచీ ఉన్నాయి. 2007 చట్టం వెనుకబడ్డ ముస్లింలకు 'ఇ' గ్రూపులో 4 శాతం ఇచ్చింది, పఠాన్లను, సయ్యద్‌లను పక్కన పెట్టింది. మా బడి కాగితాల్లో ఏముంది? 'ఖాన్, పఠాన్'. మా అబ్బా పరువు కోసం రాయించిన ఒక్క మాట మనవరాలి దారికి అడ్డం పడింది. లేని సుల్తాను ఉన్న పిల్ల సీటు తిన్నాడు.

రికార్డు కోసం తిరిగితే 1954-55 ఖాస్రా పహాణీ నకలు దొరికింది. ఉర్దూలో ఉంది. ఆ ఆఫీసులో చదివేవాళ్లు లేరు, నేనే చదివాను. ఇరవై రెండు గుంటల నేల, పక్కన మా తాత పేరు, 'వల్ద్' అని ఆయన తండ్రి పేరు, ఆ చివర ఒక మాట: 'పింజారా'. షజ్రాల్లో దొరకని మనిషి పట్వారీ చేతిరాతలో దొరికాడు.

మా అబ్బా ఆఫీసుకు రానన్నాడు. అందరి ముందు ఆ మాట చెప్పలేనన్నాడు. ఆ రాత్రి నకలు ఆయన ముందు పెట్టి చదివాను. చాలాసేపు ఊరుకున్నాడు. "ఔర్ ఏక్ బార్ పఢ్" అన్నాడు. చదివాను. అప్పుడు, ఇన్నేళ్లలో ఇంట్లో నాతో ఎన్నడూ మాట్లాడని తెలుగులో అన్నాడు: "మా నాయన విల్లు కొడుతుంటే ఊరంత ఇనవడుతుండె."

మర్నాడు వచ్చి వాంగ్మూలం ఇచ్చాడు. సర్టిఫికెట్ ఇంకా రాలేదు. ఒక కాగితం పఠాన్ అంటోంది, ఒక కాగితం పింజారా అంటోంది, ఏది నిజమని వాళ్లు అడుగుతున్నారు. అడగాల్సిన ప్రశ్నే. దానికి జవాబు ముందు మనం చెప్పాలి.

మీ ఇంట్లో ఇంకా ఒక అవ్వ, ఒక దాదీ, ఒక జేజి బతికి ఉంటే ఈ పుస్తకం పక్కన పెట్టి వెళ్లండి. ఎక్కడి నుంచి వచ్చామని అడక్కండి. ఏం పని చేసేవాళ్లని అడగండి. ఎవరు ఏం కూలి ఇచ్చారో, ఎవరు ఏమని పిలిచారో అడగండి. రాసుకోండి.