సముద్రపు ఏంజెల్ చేప: ఎంపిక, పెంపకం

సముద్రపు ఏంజెల్ చేపలు పొమకాంథిడే కుటుంబానివి. ఇందులో దాదాపు తొంభై జాతులున్నాయి. నిజామాబాద్, బోధన్ అక్వేరియం దుకాణాల్లో ఇదే పేరుతో దొరికే పొడవాటి రెక్కల చేపకూ వీటికీ చుట్టరికం లేదు. అది దక్షిణ అమెరికా నదుల నుంచి వచ్చిన మంచినీటి చేప. సముద్రపు ఏంజెల్‌కు చెంప కింది భాగాన వెనక్కి తిరిగిన ముల్లు ఉంటుంది. రూపంలో దగ్గరగా ఉండే సీతాకోక చేపలకు ఈ ముల్లు ఉండదు. చేపను వలతో పడితే ఆ ముల్లు వల కన్నుల్లో చిక్కుకుంటుంది, విడిపించేలోపు చెంప చీరుకుపోతుంది. అందుకే తెలిసినవారు వల వాడరు, ప్లాస్టిక్ డబ్బాను నీళ్లలో ముంచి అందులోకి తోలి పైకి తీస్తారు.

ఈ చేపల పెంపకంలోని కష్టమంతా మేతలోనే ఉంది. ఏంజెల్ చేప తెల్లవారింది మొదలు చీకటి పడేదాకా మేకలా రాళ్ల వెంట తిరుగుతూ ఇక్కడో కొరుకు, అక్కడో కొరుకు మేస్తుంది. పెద్ద జాతులకు స్పాంజి జీవులు ప్రధాన ఆహారం. సెంట్రోపైజీ ప్రజాతికి చెందిన చిన్న జాతులు రాళ్లమీది నాచును, దానిలో దాగిన సూక్ష్మజీవులను తింటాయి. జెనికాంథస్ ప్రజాతి చేపల తీరు వేరు, అవి నీటిలో తేలే ప్లవకాలను ఏరుకుంటాయి కాబట్టి పగడాల జోలికి పోవు. రోజుకు ఒకసారి చిటికెడు గుళికలు వేసే ఇంట్లో రాళ్లు మేసే జాతి నెమ్మదిగా చిక్కిపోతుంది.

పగడాలు పెంచే ఇంటి రీఫ్ ట్యాంకుకు కోరల్ బ్యూటీ, ఫ్లేమ్ వంటి చిన్న జాతులు మంచి ఆరంభం. 10, 12 సెంటీమీటర్లు మించని వీటికి 250 లీటర్ల ట్యాంకు చాలు. ఎంపరర్ ఏంజెల్ పిల్లగా ఉన్నప్పుడు ముదురు నీలం మీద తెల్లని వలయాలతో ఉంటుంది, పెద్దయ్యాక పసుపు, నీలి చారలు వస్తాయి. ఈ మార్పు చూడాలన్న ముచ్చటతో చాలామంది పిల్లను కొంటారు. అది 40 సెంటీమీటర్ల దాకా పెరుగుతుందన్న సంగతి తర్వాత గుర్తొస్తుంది. బంగాళాఖాతంలోనూ కనిపించే బ్లూ రింగ్ ఏంజెల్ అంతకన్నా పెద్దది. మన తీరపు మసక నీళ్లకు అలవాటుపడిన గట్టి చేపే, కానీ దానికి తగ్గ ట్యాంకు మామూలు ఇంటి హాల్లో పట్టదు.

సున్నితమైన జాతుల్లో ముందు చెప్పుకోవలసింది రీగల్ ఏంజెల్. హిందూ మహాసముద్రం, ఎర్ర సముద్రాల్లోని రీగల్‌కు ఛాతీ పసుపుగా ఉంటుంది, పసిఫిక్ చేపకు బూడిద నీలంగా ఉంటుంది. పసుపు ఛాతీది తొందరగా మేత అందుకుంటుందని పెంపకందార్ల అనుభవం. మరీ పసిపిల్లా, పూర్తిగా ఎదిగిన చేపా కాకుండా 8 నుంచి 12 సెంటీమీటర్ల మధ్య చేపను ఎంచుకోవడం మేలు. ఎదిగిన చేప కొత్త మేతకు అలవాటు పడదు, పసిపిల్ల ఆకలికి ఆగలేదు.

దుకాణంలో రంగుకన్నా ముందు చూడవలసినవి వేరే ఉన్నాయి. పొట్ట లోపలికి పోయిందా, కళ్ల వెనుక వీపు కండ తగ్గి ఎముక అంచు తేలిందా, ఊపిరి ఎగపోస్తోందా, కళ్లు మసకబారాయా అన్నవి గమనించాలి. తోక ఎత్తి, తల వంచి కష్టంగా ఈదుతుంటే లోతు నుంచి తొందరగా పైకి లాగడం వల్ల గాలితిత్తి దెబ్బతిని ఉండవచ్చు. కొన్ని దేశాల్లో సైనైడ్ చల్లి చేపలను మత్తులో పట్టే అలవాటు 1960ల నుంచీ ఉంది. అలా పట్టిన చేప పైకి బాగానే కనిపించి కొన్నాళ్లకు చనిపోతుంది. కంటితో పసిగట్టే మార్గం లేదు కనుక, దుకాణానికి చేరి వారం పది రోజులు దాటిన చేపనే అడగాలి. కళ్లముందే మేత వేయించి, రెండు మూడు సార్లు కొరికి మింగిందని చూశాకే డబ్బు చెల్లించాలి. నోట్లోకి తీసుకుని ఉమ్మేసే చేప తిన్నట్టు లెక్క కాదు. దుకాణదారు మొహమాటానికి లొంగితే నష్టం కొన్నవాడిదే.

ట్యాంకులో ఏ పగడాలు ఉంచవచ్చన్నది చట్టం కూడా నిర్ణయిస్తుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో దిబ్బలు కట్టే రాతి పగడాలు, నల్ల పగడాలు, అగ్ని పగడాలు, సముద్రపు విసనకర్రలు ఉన్నాయి. మన సముద్రం నుంచి తీసిన వీటిని ఇంట్లో ఉంచుకోవడం నేరం. మిగిలే లెదర్, మష్రూమ్ వంటి మెత్తని పగడాలను ఏంజెల్ చేపలు అంతగా ముట్టవు. కండగల పాలిప్‌లు, జొవాంథిడ్లు, బతికున్న పెద్ద చిప్పల అంచులు మాత్రం వాటికి ఇష్టం. రీఫ్‌లో నిరపాయమని పేరున్న జాతిలో కూడా కొరికే చేప ఒకటి బయలుదేరుతుంది.

సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న నిజామాబాద్ జిల్లా కోటగిరి వంటి ఊళ్లో నీళ్లను తయారు చేసుకోవలసిందే. రాళ్ల ఉప్పు కలిపితే ఉప్పునీళ్లే అవుతాయి, సముద్రపు నీళ్లు కావు. కాల్షియం, మెగ్నీషియం వంటివి పాళ్ల ప్రకారం ఉన్న రీఫ్ సాల్ట్‌ను లీటరుకు 35 నుంచి 38 గ్రాములు కలపాలి. 400 లీటర్ల ట్యాంకు మొదటిసారి నింపడానికి 14, 15 కిలోలు పడుతుంది. బోరు నీళ్లలో గట్టిదనం ఎక్కువ, పొలాల ఎరువుల నైట్రేటూ కలుస్తుంది. ఊళ్లోని ఆర్‌ఓ ప్లాంటు క్యాన్ నీళ్లలోనూ రుచి కోసం కొంత టీడీఎస్ (కరిగిన లవణాలు) వదిలేస్తుంటారు. మీటరు సున్నా చూపేదాకా డీఅయనైజింగ్ రెసిన్‌తో మళ్లీ వడకట్టాలి. ఆవిరయ్యేది నీరే, ఉప్పు కాదు. అందుచేత రోజూ తగ్గినంత మేరకు శుద్ధమైన మంచినీళ్లే పోయాలి. సాంద్రత 1.025, ఉష్ణోగ్రత 25 నుంచి 27 డిగ్రీలు, అమ్మోనియా, నైట్రైట్ సున్నా ఉండాలి.

నిజామాబాద్ ఎండకాలంలో 44 డిగ్రీలు మామూలే. ఏప్రిల్, మే నెలల పొడిగాలిలో సంప్ (ట్యాంకు కింది వడపోత తొట్టి) మీద ఫ్యాను పెడితే నీళ్లు మూడు నాలుగు డిగ్రీలు చల్లబడతాయి. వానాకాలపు తేమలో ఆ ఉపాయం అంతగా పనిచేయదు. గది 37 డిగ్రీలుంటే ఫ్యాను సరిపోదు, నీళ్లు చల్లబరిచే చిల్లర్ యంత్రం గానీ ఏసీ గది గానీ కావాలి. వేడి నీటిలో ఆక్సిజన్ తక్కువ కనుక కరెంటు పోయినప్పుడు బ్యాటరీ ఎయిర్ పంపు నడవాలి. చల్లబరిచే ఏర్పాటు, బ్యాటరీ పంపు రెండూ లేనిచోట ఏంజెల్‌ను తేవడం తొందరపాటే.

హైదరాబాద్ నుంచి నాలుగైదు గంటలు ప్రయాణించి వచ్చిన చేపను నేరుగా ట్యాంకులో వదలకూడదు. మొదట వేరే ట్యాంకులో నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచాలి. ఉప్పు చల్లినట్టు కనిపించే తెల్లమచ్చల జబ్బుకు రాగి మందు పనిచేస్తుంది కానీ చిన్న ఏంజెల్ జాతులు రాగికి తట్టుకోలేవు. మోతాదు రెండు మూడు రోజుల మీద నెమ్మదిగా పెంచుతూ కిట్‌తో కొలవాలి. రాగి వేసిన ట్యాంకులో రాయి ఉంచితే అది మందును పీల్చేస్తుంది. చర్మం మీది పరాన్నపురుగులకు అదే ఉష్ణోగ్రత, పీహెచ్ ఉన్న మంచినీళ్లలో ఐదు నిమిషాల స్నానం చేయిస్తారు. పురుగులు తెల్లగా మారి గిన్నె అడుగున రాలి పడతాయి. అంతవరకూ శుభ్రంగా కనిపించిన చేప ఒంటి నుంచే అన్ని రాలడం చూస్తే క్వారంటైన్ ఎందుకో అర్థమవుతుంది.

ప్రధాన ట్యాంకు కనీసం ఆరు నెలలు ముదిరి, లైవ్ రాక్ మీద నాచు, చిన్న స్పాంజిలు పట్టి ఉండాలి. రోజుకు మూడు నాలుగు సార్లు కొద్దికొద్దిగా మేత వేయాలి. మైసిస్ రొయ్యలు, స్పాంజి కలిసిన ఫ్రోజెన్ మేత, క్లిప్పుకు కట్టిన నోరి నాచు మార్చి మార్చి ఇవ్వాలి. మొండికేసిన రీగల్‌కు చిప్పల మాంసాన్ని ఒక పక్క పెంకుతో సహా రాళ్ల మధ్య ఆనించి పెడతారు. అది రాతికి అంటుకున్న జీవమనుకుని దగ్గరకొచ్చి కొరుకుతుంది. తినడం మొదలయ్యాక అదే పెంకులో గుళికలు మెత్తగా అద్ది అలవాటు చేయవచ్చు.

చిన్న ఏంజెల్ జాతుల చేపలు మొదట ఆడవిగా ఎదుగుతాయి, తర్వాత గుంపులో పెద్దది మగదవుతుంది. అందుచేత చిన్న జాతిలో జంట కావాలనుకుంటే పరిమాణంలో తేడా ఉన్న రెండింటిని ఒకేసారి వదలాలి. సమానమైన రెండు పెద్దవి పెడితే చావుదాకా కొట్టుకుంటాయి. అవి మసక చీకట్లో జంటగా పైకి లేచి గుడ్లు వదులుతాయి. నీటిలో తేలే ఆ గుడ్ల నుంచి వచ్చే పిల్లలు అతి చిన్నవి, సూక్ష్మమైన కోపిపాడ్ పిల్లల వంటివి తప్ప మరేవీ వాటి నోట పట్టవు. అందుకే క్లౌన్ చేపలను కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ (సీఎంఎఫ్‌ఆర్‌ఐ) హేచరీలో పెంచగలిగినా, ఏంజెల్‌లలో ఇప్పటికీ ఎక్కువభాగం సముద్రంలో పట్టినవే. హవాయిలో ఫ్రాంక్ బేన్ష్ 2000 దశకం తొలినాళ్లలో సెంట్రోపైజీ జాతుల పిల్లలను ట్యాంకులో పెంచి దారి చూపాడు. ఆ తర్వాత ఇండోనేసియాలోని బాలిలో పెద్ద జాతులనూ పెంచుతున్నారు. అలా పుట్టిన చేప మొదటినుంచీ గుళికల మేత మీదే పెరిగి వస్తుంది కనుక, ధర ఎక్కువైనా కొత్తగా మొదలుపెట్టేవారికి అదే తక్కువ ఖర్చు.