చారు చేతిలో దుర్భిణి

సత్యజిత్ రాయ్ 'చారులత' (1964) మొదటి ఏడెనిమిది నిమిషాల్లో మాటలు దాదాపు లేవు. 1879 నాటి కలకత్తా, కలిగినవారి మేడ, ఎండ వాలని మధ్యాహ్నం. ఆ కాస్తలోనే ఒక కాపురం సంగతంతా మనకు తెలిసిపోతుంది. ఎలా తెలిసిందన్నది మాత్రం షాట్ షాట్‌నూ విడదీసి చూస్తేగానీ అంతుపట్టదు.

పేర్లు పడుతున్నంతసేపూ తెరమీద కుట్టుపని చేస్తున్న చేతులే. చేతిరుమాలు మీద ఇంగ్లిష్ 'బి' అక్షరం లేస్తుంటుంది. భర్త భూపతి పేరులో మొదటి అక్షరం అది. గడియారం నాలుగు కొడుతుంది. చారు (మాధవీ ముఖర్జీ) పనివాణ్ణి కేకేసి, పత్రిక పనిలో ఉన్న భర్తకు టీ పంపమంటుంది. అంతటితో ఆమె పనులైపోయాయి. పుస్తకాల బీరువా ముందు బంకించంద్రుడి పేరునే కూనిరాగంగా తీస్తూ కాసేపు తచ్చాడుతుంది.

అసలు పనితనం ఇక్కణ్ణుంచే. వీధిలో కోతులాడించేవాడి డమరు మోగుతుంది. చారు గబగబా వెళ్లి, నాటకాలు చూసేటప్పుడు వాడే పిడి ఉన్న చిన్న దుర్భిణి తెచ్చుకుంటుంది. కిటికీ చెక్కరెక్కలు ఎత్తి చూస్తుంది. తర్వాత పల్లకీ. ఆ తర్వాత గొడుగుతో నడిచిపోయే బొద్దుమనిషి. ఒక కిటికీలోంచి దాటిపోయినవాణ్ణి పక్క కిటికీలో అందుకోవడానికి పరుగెడుతుంది. చారు చూపు ఒక షాట్, ఆమెకు కనబడేది మరో షాట్. సరదాగానే ఉంటుంది. కానీ రాయ్ ఈలోగా మనకు ఒక సూత్రం నేర్పేశాడు: ఆ దుర్భిణి ఎత్తితే, అవతల ఉన్నది చారుకు అందని లోకం.

అప్పుడు బూట్ల చప్పుడు. భూపతి (శైలేన్ ముఖర్జీ) వరండాలో ఆమె పక్కనుంచే లోపలికి పోతాడు. పుస్తకంతో తిరిగొస్తాడు, పేజీల్లోంచి తల ఎత్తడు. అతను దాటిపోయాక చారు దుర్భిణి ఎత్తుతుంది. నాలుగడుగుల దూరంలోని భర్తను చూడ్డానికి! సూత్రం ముందే తెలుసు కాబట్టి వివరించాల్సింది ఏమీ మిగల్లేదు. కోతులవాడు, పల్లకీ, గొడుగాయన, ఆ వరసలో భర్త. వీధి దృశ్యాలు ఒకటో రెండో తగ్గించి ఉంటే ఈ చివరిది ఉత్త చిలిపితనంగా మిగిలేది.

ఇంతకన్నా నాకు ఎక్కువ నచ్చింది ఆ వెంటనే వచ్చేది. చారు దుర్భిణి దించగానే జూమ్ చటుక్కున వెనక్కి లాగేస్తుంది. ఆమె చేతిలోది దూరాన్ని దగ్గర చేసే కటకం, మన ముందున్నది దగ్గరను దూరం చేసే కటకం. ఒకటి పని ముగించిన చోట రెండోది అందుకుంది. జూమ్ అంటే నాకు సాధారణంగా చిరాకు, అది చాలాసార్లు ట్రాలీ వేసే ఓపిక లేనివాళ్ల పరికరం. ఇక్కడ దాని కుదుపే అర్థం. ట్రాలీ మీద మెల్లగా వెనక్కి జరిగితే జాలి పుట్టేదేమోగానీ, ఈ దెబ్బ తగిలేది కాదు.

వెలుగు సుబ్రత మిత్రది, గదులు బన్సీ చంద్రగుప్తవి. కెమెరా ఆపరేటింగ్ మాత్రం ఈ సినిమా నుంచే రాయ్ సొంతంగా చేపట్టాడు.