సైనికుడికి ఇచ్చే కత్తి

సరిహద్దుకు వెళ్లే సైనికుడికి చేత్తో చేసి ఇచ్చే కత్తి పనిముట్టు. తాడు కోయడానికి, డబ్బా మూత తెరవడానికి, పుల్లలు చీల్చడానికి అక్కరకొస్తుంది. ఆయుధం సైన్యమే ఇస్తుంది. ఈ సంగతి మనసులో పెట్టుకుంటే కొలత దానంతటదే కుదురుతుంది: నాలుగైదు అంగుళాల అలుగు, గుప్పిట నిండే పిడి. 9 అంగుళాల పొడవో 2 అంగుళాల వెడల్పో దాటిన అలుగున్న కత్తిని, ఇంటిపనికో వ్యవసాయానికో చేసింది కాకపోతే, 2016 నాటి ఆయుధాల నియమాలు ఆయుధంగానే లెక్కగడతాయి.

నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద వరి పండే సూర్యాపేట జిల్లా చిలుకూరు ప్రాంతంలో కమ్మరికి కొడవలి పాత చుట్టం. వరికోత మిషన్లు వచ్చాక కొలిమికి పని తగ్గింది. అయినా కొడవలికి పదును పెట్టడం తెలిసిన చెయ్యే ఈ కత్తికీ కావాలి. ఉక్కు కోసం దూరం పోనక్కర్లేదు. హైదరాబాద్–విజయవాడ రహదారి మీది కోదాడ పక్కనే ఉంది. లారీల పాత కమాన్ కట్టల పట్టీలు మంచి సరుకు. బరువుకు వంగి మళ్లీ లేచే ఆ ఉక్కులో కర్బనం అర శాతం పైచిలుకు ఉంటుంది. విరిగిన పట్టీని మాత్రం ముట్టకూడదు. విరిగినచోటే కాదు, మిగతా చోట్లా కంటికి ఆనని బీటలుంటాయి. ఉక్కు తెలంగాణకు కొత్త విద్యేమీ కాదు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మట్టి మూసల్లో కరిగించిన ఉక్కును పర్షియా వర్తకులు వచ్చి కొనుక్కుపోయేవారు.

పట్టీని కొలిమిలో ఎర్రగా కాల్చి, దాగలి మీద పెట్టి సుత్తితో సాగదీస్తారు. మొన, వెన్ను, పిడిలోకి దిగే తోక ఒకే ముక్కలో రావాలి. అతుకు పెడితే బలమంతా అక్కడే పోతుంది. తర్వాత ఆకురాయితో రూపం తెస్తారు. వాదరను అప్పుడే పలచన చేయరు, నాణెం మందాన వదిలేస్తారు. తర్వాత గట్టిపరచడానికి నూనెలో ముంచినప్పుడు పలచటి అంచు మెలితిరుగుతుంది.

కత్తి ప్రాణం ఇక్కడి నుంచే మొదలవుతుంది. నీడలో, కొలిమి వెలుగు స్పష్టంగా కనిపించే చోట, అలుగును కాలుస్తూ మధ్యమధ్యలో అయస్కాంతానికి ఆనిస్తారు. సుమారు 770 డిగ్రీల దగ్గర ఇనుము అయస్కాంతానికి అంటడం మానేస్తుంది. అక్కడి నుంచి ఇంకొంచెం కాల్చి, వెచ్చచేసిన నూనెలో మొన కిందికి పెట్టి నిలువునా దించుతారు. నీళ్లలో ముంచితే ఈ ఉక్కు బీటలిచ్చే ప్రమాదం ఎక్కువ. బయటికి తీసిన అలుగు మీద ఆకురాయి జారిపోతే పని కుదిరినట్టే, కానీ ఆ దశలో అది గాజులాంటిది, కింద పడితే పగులుతుంది. అందుకే మళ్లీ సన్నటి సెగ. తోమి మెరిపించిన వెన్నును కాలిన ఇనుప కడ్డీ మీద ఆనిస్తే రంగులు పాకుతాయి: ముందు ఎండుగడ్డి రంగు, తర్వాత గోధుమ, ఊదా, నీలం. వెన్ను నీలానికి వచ్చి, గడ్డి రంగు వాదరను తాకగానే చల్లార్చాలి. క్షణం ఆలస్యమైతే అంచు మెత్తబడుతుంది, మొత్తం మళ్లీ చేయాలి. ఇంత ఓపిక కనిపించనిచోట పెట్టడమే ఈ కానుక విలువ. వెన్ను మీద చెక్కే పూలు దానికి సాటిరావు.

సూర్యాపేట జిల్లాలో సైనికుడికి వీడ్కోలంటే మనసులో మెదిలే పేరు కల్నల్ బిక్కుమళ్ల సంతోష్‌బాబు. బిహార్ రెజిమెంట్ 16వ బెటాలియన్‌ను నడిపిన ఆయన 2020 జూన్ 15 రాత్రి లడఖ్‌లోని గల్వాన్ లోయలో నేలకొరిగారు. మరణానంతరం మహావీర చక్ర లభించింది. ఆ ఎత్తుల్లో చలి ఉక్కును కూడా పెళుసు చేస్తుంది. లడఖ్ వెళ్లే కత్తికి గట్టిదనం ఒక మెట్టు తగ్గించడమే మేలు. పదును కాస్త ముందే పోవచ్చు, రాతి మీద రుద్దితే తిరిగొస్తుంది. విరిగిన మొన తిరిగిరాదు.

పిడికి కర్రే వాడాలి. గడ్డకట్టే చలిలో లోహం వట్టి చేతికి అతుక్కుంటుంది. ఎండిన టేకు ముక్కలు రెండు వైపులా పెట్టి ఇత్తడి రివెట్లు దిగ్గొడితే చాలు. ఒర మందపాటి తోలుది.

కత్తిని చేతి నుంచి చేతికి అందించని ఇళ్లున్నాయి. పీట మీద పెడితే వెళ్లేవాడు తీసుకుంటాడు. విమానంలో అయితే చేతిసంచిలో వద్దు, లగేజీలో వేయాలి. ఒరకు కుట్టిన చిన్న జేబులో సానరాయి ముక్క పెట్టాలి, తుప్పు పట్టకుండా ఒక నూనె సీసా కూడా ఇవ్వాలి. కొబ్బరినూనె అక్కడ గడ్డకడుతుంది, కుట్టుమిషన్ నూనె ఇవ్వాలి.