తాత పేరున్న రాయి

శ్రీకాకుళం జిల్లా పాతపట్నం, మెళియాపుట్టి, టెక్కలి పల్లెల్లో సంక్రాంతి అంటే పెద్దల పండగ. పోయినవాళ్ల ఫొటోల ముందు కొత్త బట్టలు పెట్టి దండం పెట్టుకుంటారు. రెండో ప్రపంచయుద్ధానికి వెళ్లి బర్మా నుంచి తిరిగిరాని వాళ్ల ఇళ్లలో మాత్రం ఆ వరసలో ఒక చోటు ఖాళీ. ఫొటో లేదు, దహనం ఎక్కడ జరిగిందో తెలీదు. ‘రంగం (రంగూన్) పోయినాడు, మరి రాలేదు’ అన్న ఒక్క మాటే మిగిలింది.

ఆ ఖాళీ నింపే పని ఒకటుంది. యుద్ధస్మారకాల మీది పేరును ఫొటో తీసి ఇంటికి పంపడం. మొదటి ప్రపంచయుద్ధంలో ఫేబియన్ వేర్ బృందం రెడ్‌క్రాస్ సాయంతో సమాధుల ఫొటోలు తీసి కుటుంబాలకు పంపేది. దగ్గరి రైల్వే స్టేషన్ ఏదో కూడా ఫొటో అతికించిన అట్ట మీద రాసేవారు. ఆ శ్రద్ధకు చేతులెత్తి మొక్కాలి! 1917లో పుట్టిన ఆయన సంస్థే నేటి కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్. ఇప్పుడు వార్ గ్రేవ్స్ ఫొటోగ్రాఫిక్ ప్రాజెక్ట్ వలంటీర్లు దేశదేశాల్లో లక్షల ఫొటోలు తీశారు.

కెమెరా కన్నా ముందు పేరు దొరకాలి. అసలు విద్య అక్కడే ఉంది. కమిషన్ రిజిస్టర్లలో శ్రీకాకుళం జిల్లా అని వెతికితే ఏమీ దొరకదు, ఆ జిల్లా 1950లో కదా పుట్టింది! అప్పటి ఇంగ్లిషు పేర్లతో విజగపటం (విశాఖపట్నం) అని, చికాకోల్ (శ్రీకాకుళం) అని, పాతపట్నం వైపు వాళ్లకైతే పర్లాకిమిడి అని వెతకాలి. అప్పన్న, రామయ్య లాంటి పేర్లను ఇంగ్లిషు గుమాస్తాలు తోచినట్టు రాశారు. అందుకే సైనిక నంబరే దిక్కు. మన సిపాయిల బర్మా స్టార్ లాంటి పతకాలు చాలావాటి మీద నంబరు, పేరు, దళం చెక్కి ఉంటాయి. పెట్టె అడుగున పడి ఉన్న ఆ పతకాన్ని తిప్పి చూడండి.

హిందూ, సిక్కు సిపాయిలలో చాలామందికి సమాధులు లేవు, దహనం చేశారు. కోహిమాలో అలాంటి 917 మంది పేర్లు కొండమీది స్మారకంలో ఉన్నాయి. రంగూన్ దగ్గర టౌక్‌చాన్‌లో స్తంభాల నిండా దాదాపు 27,000 పేర్లు. ఆ స్తంభాల ముందు తెలుస్తుంది పనివాడెవడో. నడినెత్తిన ఎండ ఉంటే అక్షరం రాయిలో కలిసిపోతుంది. పొద్దున్నో సాయంత్రమో వెలుగు పక్కనుంచి పడి, చెక్కిన గాట్లో నీడ నిలిచేదాకా నిజమైన ఫొటోగ్రాఫర్ కాచుకుంటాడు. పేరు ఎత్తుకు కెమెరా తెచ్చి నిటారుగా తీస్తాడు. నాచు ఉంటే మంచినీళ్లతో మెత్తగా తుడుస్తాడు తప్ప సుద్ద పూయడు, ఇనుప బ్రష్ తాకనివ్వడు. పేరు ఒకటి, స్తంభం నంబరుతో ఒకటి, చుట్టూ చెట్లూ గడ్డీ కనిపించేలా ఒకటి, మూడూ తీస్తాడు. మూడోది ముసలి కూతురి కోసం. నాన్న ఎలాంటి చోట ఉన్నాడో ఆమెకు తెలియాలి కదా.

ఇంత నిష్ఠ గల పనిని ఇప్పుడు కొందరు బజారుకెక్కించారు. ఇంటర్నెట్‌లో దొరికిన ఏదో సమాధి బొమ్మ మీద కంప్యూటర్‌తో పేరు అతికించి ‘మీ తాతగారి సమాధి’ అని అమ్మేవాళ్లున్నారు. ముఖమే తెలియని సిపాయికి ఏఐతో ముఖం పుట్టించేవాళ్లున్నారు. ఏ తల్లి కన్న ముఖమో ఎవరికీ తెలీని ఆ బొమ్మకు మనవలు పూలదండ వేసి మొక్కాలా? ఇది మోసం మాత్రమే కాదు, చనిపోయిన మనిషిని రెండోసారి పోగొట్టడం. చెక్కిన పేరు మసకగా వచ్చినా సరే, అది నిజమైన రాయి కావాలి.

ఊరూరా సైన్యంలోకి పిల్లల్ని పంపే జిల్లా మనది. మాధవరం అనే ఊరు తన సిపాయిల వల్ల మిలిటరీ మాధవరం అని పేరు తెచ్చుకుంది. మనమేం చేశాం? ఊరి హైస్కూళ్లు, మాజీ సైనికుల సంఘాలు, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం కలిసి ముసలివాళ్లుండగానే పేర్లు, నంబర్లు రాసుకోవాలి. ఈశాన్యంలో ఉద్యోగం చేసే మన జవాన్లు సెలవులో ఒక పూట కోహిమా వెళ్లి ఆ పేర్లు ఫొటో తీసి ఊరికి పంపాలని నా విన్నపం.