ముద్దాయి ఎవరు?

కోర్టు భాషంతా మాదే. వకీలు, ఫిర్యాదు, జామీను, ఖైదు, హాజరు, దస్తావేజు... అన్నీ ఉర్దూ మీదుగా తెలుగులో కలిసిన మాటలే. 'ముద్దాయి'కి అసలు అర్థం దావా వేసినవాడు, అంటే ఫిర్యాది. తెలుగు కోర్టుకొచ్చేసరికి నేరం మోపబడ్డవాడైపోయాడు. మాట ఎట్లా తిరగబడిందో పండితులు చెప్పాలి. మనిషి ఎట్లా తిరగబడతాడో నంద్యాల చెప్పింది.

2020 నవంబరు 3న పాణ్యం దగ్గర కౌలూరులో ఒక ఆటో డ్రైవరు భార్యా ఇద్దరు బిడ్డలతో రైలు కింద పడ్డాడు. నంద్యాల సాయిబు. ఒకప్పుడు పనిచేసిన నగల కొట్లో బంగారం పోతే ఆయన మీద కేసు పెట్టారు. జైలు, బెయిలు, ఆ తర్వాత ఆటో. ఆటోలో ఎవరిదో డబ్బు పోయిందని మళ్ళీ ఆయన్నే పట్టుకున్నారు. తాను దొంగను కాననీ, పోలీసుల వేధింపులు భరించలేననీ సెల్‌ఫోన్‌లో చెప్పుకుని పోయాడు. ఆ వీడియో లోకం చూశాకే సీఐ, హెడ్ కానిస్టేబుల్ అరెస్టయ్యారు. రోజుల్లోనే వాళ్ళకు బెయిలొచ్చింది. దాన్ని రద్దు చెయ్యమని ప్రభుత్వమే కోర్టుకెక్కాల్సొచ్చింది. బతికున్నన్నాళ్ళూ ముద్దాయి. చచ్చాక గాని ఫిర్యాది కాలేదు.

ఇక 2023 మే నెల కర్నూలు చూడండి. 2019లో పులివెందులలో జరిగిన వివేకానందరెడ్డి హత్య కేసులో ఎంపీ అవినాష్‌రెడ్డిని సీబీఐ రమ్మంది. తల్లికి జబ్బని ఆయన కర్నూలు ఆస్పత్రిలో ఉన్నాడు. సీబీఐ వాళ్ళు కర్నూలు దాకా వచ్చారు. ఆస్పత్రి చుట్టూ అనుచరులు. అరెస్టు లేకుండానే వెనక్కి వెళ్ళారు. మే 31న తెలంగాణ హైకోర్టు ముందస్తు బెయిలిచ్చింది. హత్యతో తనకు సంబంధం లేదంటాడాయన. అది తేల్చాల్సింది కోర్టు. ముందస్తు బెయిలూ చట్టం అందరికీ ఇచ్చిన హక్కే. నేనడిగేది వేరు: నంద్యాల ఆటో డ్రైవరు కోసం ఏ పోలీసు ఏ వాకిట్లో ఆగాడు?

హతుడి కూతురు కూడా సొంత జిల్లా విచారణను నమ్మలేక సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 2022 నవంబరులో కేసు కడప నుంచి హైదరాబాదుకు మారింది. మాజీ మంత్రి బిడ్డ గనక ఢిల్లీ దాకా వెళ్ళగలిగింది.

సెక్యులర్ మిత్రులు ఇదంతా వర్గ సమస్యే అంటారు. మావాళ్ళు మతమే అంటారు. పోలీస్ స్టేషన్లో కుర్చీ వేయించుకునే హాజీసాబులు మాలోనూ ఉన్నారు, వాళ్ళకు మతం అడ్డురాలేదు. కానీ పేద సాయిబుకు పేదరికంతో పాటు పేరూ బరువే. సినిమావాళ్ళకైతే సీమ అంటే రెండు బంగళాల పగ. ఆ బంగళాల మధ్య ఆటో నడుపుకునేవాడు ఏ రీలులోనూ లేడు.

జామీను సంగతే తీసుకోండి. 1978లో మోతీరాం అనే తాపీమేస్త్రీకి సుప్రీంకోర్టే బెయిలిచ్చినా, కింది మేజిస్ట్రేటు పదివేల జామీను అడిగాడు. సోదరుడి ఆస్తి వేరే జిల్లాలో ఉందని అతని పూచీ కాదన్నాడు. జస్టిస్ కృష్ణయ్యర్ దాన్ని తప్పుపట్టాడు. ఇప్పటికీ జామీనుదారుడంటే పొలం పాస్‌బుక్కో, ఇంటిపన్ను రసీదో చూపించాలి. కర్నూలు వన్‌టౌన్‌లో అద్దె గదిలో ఉండేవాడి చుట్టాలవీ అద్దె గదులే.