ప్యాంటు సైజు వేరు, నడుము కొలత వేరు

అబిడ్స్ దుకాణాల్లో సైజెంత అని అడిగితే చాలామంది మగవాళ్లు తడుముకోకుండా 34 అంటారు. పదేళ్ల కిందటా ఆ అంకే చెప్పి ఉంటారు. బొజ్జ పెరిగినకొద్దీ ప్యాంటు దాని కిందికి జారుతుంది గానీ సైజు మారదు. ప్యాంటు నిలిచే చోటే దర్జీ టేపు పెడతాడు, కుట్టుపనికి అదే సరి. ఆరోగ్యం కోసమైతే పక్కటెముకల చివరకూ తుంటి ఎముక పై అంచుకూ నడుమ, మామూలుగా ఊపిరి వదిలాక కొలవాలి. తర్వాత పిరుదులు బాగా ఎత్తుగా ఉన్నచోట తుంటి కొలిచి, నడుము కొలతను దానితో భాగించాలి. మగవాళ్లకు 0.90, ఆడవాళ్లకు 0.85 చేరితే షుగరు, గుండెజబ్బుల ముప్పు బాగా పెరిగినట్టేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. నడుము 92, తుంటి 98 సెంటీమీటర్లున్న మగవాడి నిష్పత్తి 0.94.

బరువు తూస్తే చాలదా అంటే, చాలదు. పేగుల చుట్టూ, కాలేయంలో చేరే కొవ్వు ఇన్సులిన్ పనికి అడ్డుపడుతుంది. తుంటి దగ్గరి కొవ్వుతో అంత హాని లేదు. కొవ్వు ఎక్కడుందో తూకం చెప్పదు. 52 దేశాల్లో జరిగి 2005లో వెలువడిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో గుండెపోటుతో బీఎంఐ (ఎత్తును బట్టి బరువు లెక్క) కన్నా ఈ నడుము-తుంటి నిష్పత్తికే గట్టి సంబంధం కనిపించింది. మన దేశంలో 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. బీఎంఐ 25, ఆపైన ఉన్నవాళ్లు స్త్రీపురుషుల్లో దాదాపు నాలుగో వంతే. నిష్పత్తి హద్దు దాటినవాళ్లు మాత్రం స్త్రీలలో సుమారు 57 శాతం, పురుషుల్లో 48 శాతం.

సగం మందిని రోగులంటామా అని అడగొచ్చు. ఇది రోగనిర్ధారణ కాదు. షుగరు, బీపీ పరీక్ష చేయించుకోమనే హెచ్చరిక మాత్రమే. గర్భిణులకు ఇది వర్తించదు. టేపు జారితే కొలత తప్పుతుందన్న మాటా నిజమే, రెండుసార్లు కొలిచి సగటు తీసుకుంటే ఆ తేడా తగ్గుతుంది. అసలు చిక్కు వేరే ఉంది: ఒళ్లు తగ్గితే నడుమూ తుంటీ కలిసి తగ్గి నిష్పత్తి కదలకపోవచ్చు. అందుకే తొలి అంచనాకు నిష్పత్తి, నెలనెలా మార్పు చూసుకోవడానికి నడుము కొలత వాడాలి. భారతీయులకు దాని హద్దు మగవాళ్లలో 90, ఆడవాళ్లలో 80 సెంటీమీటర్లు. ముప్పై దాటినవారికి ఆశా కార్యకర్తలు నింపే ఫారంలో నడుము కొలత ఇప్పటికే ఉంది, తుంటికి గడి లేదు. టేపు చేతిలో ఉన్నప్పుడు రెండో కొలతకు అరనిమిషం చాలు. ఆ గడి చేర్చాలని నాంపల్లి బస్తీ నుంచైనా అడగడం మొదలుకావాలి.