గరిక ముందు, క్యారెట్ తర్వాత

ఆళ్లగడ్డలో మా అన్న కూతురు ఒక గినీ పిగ్‌ను పెంచుతోంది. పేరు చిట్టి. "అత్తా, క్యారెట్ పెడితే తింటాది, గడ్డి పెడితే మొగం తిప్పుకుంటాది. దీనికి ఇంత పొగరేంది?" అని ఫోన్లో అడుగుతుంటుంది. నంద్యాలలో నేనూ ఒక జంటను సాకుతున్నాను కాబట్టి ఆ పొగరన్న మాట నాకు మింగుడుపడదు.

గినీ పిగ్ పిల్ల ఒంటినిండా బొచ్చుతో, కళ్లు తెరుచుకునే పుడుతుంది. ఒకటి రెండు రోజుల్లోనే తల్లి పక్కన చేరి అది కొరికేదాన్ని తానూ కొరుకుతుంది. ఆ తొలి వారాల్లో నోటికి తగిలిందే దాని లెక్కలో తిండి. తర్వాత ఎదురయ్యే ప్రతిదాన్నీ అనుమానంగానే చూస్తుంది. దుకాణంలో గుళికల దాణా, క్యారెట్ ముక్కలు తిని పెరిగిన పిల్లకు గడ్డి తినేదని తెలియదు, అంతే.

అయినా గడ్డి అలవాటు చేయక తప్పదు, ఎందుకంటే దానికి అసలు అన్నం గడ్డే. ఉన్న ఇరవై పళ్లూ బతికినన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయి. పీచున్న మేత గంటల తరబడి నమిలితేనే అవి అరుగుతాయి. లేకపోతే దవడ పళ్లు నాలుక మీదికి వంగి, ఆకలి ఉన్నా తినలేని స్థితి వస్తుంది. పేగుల్లో కదలిక సాగేదీ ఆ పీచు వల్లే. మా జంటలో ఒకటి గరిక పోచను కొస పట్టుకుని, చేత్తో తాకకుండా, కింది దవడ పక్కలకు ఆడిస్తూ లోపలికి లాక్కుంటుంది. ఆ కరకర చప్పుడు వింటూ కూర్చుంటే నాకు పొద్దు తెలియదు.

పుస్తకాలన్నీ తిమోతీ గడ్డి అంటాయి. అది చల్లటి దేశాల గడ్డి, ఇక్కడికి ప్యాకెట్లలో వస్తుంది, ఖరీదెక్కువ. అమెరికాలో బెర్ముడా గ్రాస్ అని మేతకు ఎండబెట్టి అమ్మేది మన గరిక జాతే. కుందూ నది గట్టున, కేసీ కెనాల్ పక్కన కావలసినంత ఉంది. కలుపు మందు కొట్టిన చేల గట్లు మాత్రం వదిలేయాలి. వరిగడ్డిలో సత్తువ తక్కువ, అది పడకకు పనికొస్తుంది. లేత జొన్న జోలికి పోవద్దు. నాము కొట్టి పశువులు పడిపోవడం మన రైతులకు తెలిసిన సంగతే. లూసర్న్‌లో కాల్షియం ఎక్కువ. అది పెరిగే పిల్లలకూ చూలు కట్టినవాటికీ మంచిది. పెద్దవాటికి రోజూ పెడితే మూత్రాశయంలో రాళ్లు కడతాయి.

ఇక సి విటమిన్. ఆవు, కుక్క, పిల్లి తమ ఒంట్లోనే దాన్ని తయారు చేసుకుంటాయి. మనమూ గినీ పిగ్గూ చేసుకోలేం. 1907లో నార్వేలో హోల్స్ట్, ఫ్రోలిష్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఓడల్లో నావికులకు వచ్చే జబ్బును పరిశోధిస్తూ గినీ పిగ్‌లకు ఉత్త ధాన్యమే మేపారు. వాటికి సి విటమిన్ లేక వచ్చే స్కర్వీ వచ్చింది. స్కర్వీని ఆపే పదార్థమేదో వెతికే దారి అక్కడే తెరుచుకుంది. ఆ దారిలోనే 1930లలో సెంట్-జార్జి అనే శాస్త్రవేత్త హంగరీ మిరపలోంచి సి విటమిన్‌ను దండిగా తీశాడు. ఆ చిన్న ప్రాణుల రుణం మనకు ఉందని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను.

కిలో బరువుకు రోజుకు 10 నుంచి 20 మిల్లీగ్రాములు చాలు, చూలుతో ఉంటే ఇంకొంచెం ఎక్కువ. ఒక చిన్న జామ ముక్క, లేదా రెండు మూడు క్యాప్సికమ్ చీలికలు, కాస్త కొత్తిమీర పెడితే సరిపోతుంది. చుక్కల మందు నీళ్లలో కలపడం దండగ. వెలుతురుకు ఆ విటమిన్ విరిగిపోతుంది, రుచి మారిందని నీళ్లు తాగడమే మానేస్తుంది. పాలకూర, తోటకూర, చుక్కకూర రోజూ వద్దు. ఉల్లి, వెల్లుల్లి, ఆలుగడ్డ, అన్నం, బిస్కెట్ అసలే వద్దు. క్యారెట్ చక్కెర సరుకు, వారానికి ఒకటి రెండు ముక్కలు మించకూడదు.

మొండికేసినదాన్ని ఎలా తిప్పాలి? ఆకలితో మాడ్చి మాత్రం కాదు. పూట గడిచినా ఏమీ తినకపోతే పేగులు స్తంభించి ప్రాణం మీదికి వస్తుంది. చిట్టి కోసం నేను చెప్పిన పద్ధతి ఇది: కొత్తిమీర నలిపి ఆ పసరు గరికకు పూయడం, పొద్దున మొదట అదే ముందు పెట్టడం, వాడిపోయినది తీసేసి మర్నాడు మళ్లీ తాజాది పెట్టడం. పాత దాణా తగ్గిస్తూ కొత్తది పెంచడానికి రెండు వారాలు పడుతుంది. వంటింటి తూకం మీద వారానికోసారి బరువు చూస్తుండాలి. తగ్గుతుంటే పశువైద్యుడి దగ్గరికి పోవాల్సిందే. అమాక్సిసిలిన్ లాంటి పెన్సిలిన్ జాతి మందులు నోటి ద్వారా వేస్తే గినీ పిగ్ చనిపోవచ్చు. ఆ మాట ముందే ఆయనతో చెప్పండి.

చిట్టి ఇప్పుడు లేత గరిక చిగుళ్లు తింటోంది, కాడలు ఇంకా వదిలేస్తోంది. సంక్రాంతి లోపు గరిక కోసి, ఆకుపచ్చ రంగు పోకుండా నీడన ఆరబెట్టి, గోనె సంచిలో దాచుకోమన్నాను. ప్లాస్టిక్ కవర్లో పెడితే బూజు పడుతుంది. ఏప్రిల్ వచ్చాక మన నంద్యాల ఎండలకు గట్ల మీద పచ్చి పోచ దొరకదు.